ఆషాఢపు అల్లుడూ రాగి వాషరూ

ఆ రోజుల్లో మా గోదావరి వైపు కొత్త అల్లుడంటే చుట్టపుచూపుగా వచ్చిన మనిషి కాదు, ఇంటిల్లిపాదీ జాగ్రత్తగా చూసుకోవలసిన గాజుసామాను. మంచినీళ్లు ఆయన వంచుకుని తాగకూడదు. కుర్చీ ఆయన లాక్కోకూడదు. కంచం ముందు ఆయన అన్న "చాలండి" అనే మాటకు విలువ లేదు (మొహమాటపడుతున్నారు, ఇంకో గరిటె వేయండి అని దాని అర్థం). అన్నిటికీ మించి ఆయన ఏమన్నా ఎవరూ ఎదురు చెప్పకూడదు. సూర్యుడు పడమట పొడిచాడని అల్లుడంటే, "ఆయ్, మా ఊళ్లో అప్పుడప్పుడూ అలాగే పొడుస్తాడండి" అనే రకం మా అత్తవారు. అల్లుడికీ ఒక నియమం ఉండేది. అత్తవారి వైపు పెద్దవాళ్లు ఏం చెప్పినా "అలాగేనండి" తప్ప ఇంకో మాట రాకూడదు. ఈ రెండు మర్యాదలూ ఎదురుపడితే మధ్యలో నిజం అనేదాన్ని ఎవరూ పట్టించుకోరు. ఇప్పుడు తల్చుకుంటే నవ్వొస్తుంది కానీ, ఆ మర్యాద వల్ల సగం ఊరి నారుమళ్లు ఉప్పునీళ్ల పాలు కాబోయాయన్న సంగతి గుర్తొస్తే ఇప్పటికీ నా అరచేతులు చెమరుస్తాయి.

అప్పటికి నా పెళ్లయి ఎంతో కాలం కాలేదు. డిప్లొమా పూర్తిచేసి రాజమండ్రిలో ఒక హైడ్రాలిక్ హోసుల షాపులో పనిచేస్తున్నాను. మట్టి తవ్వే మెషిన్లకీ, క్రేన్లకీ నూనె ఒత్తిడితో పనిచేసే పైపులుంటాయి. అవి పగిలితే కొత్తవి కోసి, చివర్లకి ఫిట్టింగులు బిగించి ఇవ్వడం మా పని. పెళ్లి కుదిర్చిన పెద్దమనిషి ఈ ఉద్యోగాన్ని మా మావగారికి "హైడ్రాలిక్ ఇంజనీరు" అని చెప్పాడట. నేను కాదనలేదు (కాదందామనుకునే సరికి నా నోట్లో కాజా ఉంది). దాంతో గోదావరి బ్యారేజీ తలుపులు నేనే ఎత్తి దించుతానన్నంత గౌరవం అత్తవారింట స్థిరపడిపోయింది.

మా అత్తవారి ఊరు యానాం రోడ్డు నుంచి కాస్త లోపలికి, ఉప్పుటేరు పక్కన ఉంటుంది. ఒకవైపు ఏరు, రెండోవైపు వరి పొలాలు, మధ్యలో గట్టు. పోటు సమయంలో సముద్రపు నీళ్లు ఏటిలోకి ఎదురెక్కి వస్తాయి, పాటు సమయంలో వెనక్కి పోతాయి. ఆ గట్టు నిలబడి ఉన్నంతకాలం పొలాలకు బెంగలేదు. మా మావగారి అన్నగారు, అంటే నాకు పెద్దమావగారు, ఆ మధ్య ఎక్కడో వేలంలో ఒక చిన్న బుల్‌డోజరు కొన్నారు. ఏ దేశం నుంచో ఎన్ని చేతులు మారి వచ్చిందో తెలియదు కానీ, ఊళ్లో అందరూ దాన్ని ముద్దుగా "పిల్ల డోజరు" అనేవారు. చెరువులు తవ్వించుకునేవాళ్లు దాని కోసం వరసలో ఉండేవారు. మోటారు పంపుల మరమ్మతులో పెద్దమావగారిది అందెవేసిన చెయ్యి కావడంతో, పంపు తెలిసినవాడికి డోజరు ఎంత అని ఆయన నమ్మకం.

అది ఆషాఢమాసం. మా ఆవిడ పుట్టింట్లో ఉంది. ఆషాఢంలో కొత్త అల్లుడు అత్తవారి గడప తొక్కకూడదు కాబట్టి నేను రాజమండ్రిలో ఉన్నాను. ఒకరోజు పొద్దుగూకే వేళ షాపుకి ఫోనొచ్చింది. ఎస్టీడీ బూతు నుంచి మావగారు.

"అల్లుడుగారూ, నేనండి. ఇక్కడంతా కులాసాయేనండి. అమ్మాయి బాగుందండి. మీ అమ్మగారూ నాన్నగారూ బాగున్నారా అండి? మీ వైపు వానలున్నాయాండి?"

అన్నిటికీ జవాబు చెప్పాను. గొంతులో ఏదో తేడా ఉంది. "ఏమైనా విశేషమా అండి?" అనడిగాను.

"అబ్బే, ఏం లేదండి. చిన్న విషయమండి. మీకు వీలైతేనేనండి. తూము వేయడానికి గట్టుకి గండి కొట్టామండి. తూము పెట్టేశామండి. మట్టి తోసి పూడ్చే సమయానికి పిల్ల డోజరు గండిలోనే ఆగిపోయిందండి. బ్లేడు లేవట్లేదండి." గొంతు తగ్గించారు. "రేపు పౌర్ణమండి."

ఆ చివరి మాటలో ఉన్న భయం నాకప్పుడు పూర్తిగా అర్థం కాలేదు. పొద్దున్నే బయల్దేరుతుంటే మా అమ్మ గుమ్మానికి అడ్డం నిలబడింది. "ఆషాఢంలో అత్తవారింటికేంటిరా?" అంది. డోజరు సంగతి చెప్పాను. నమ్మినట్టు కనిపించలేదు. (నిజం చెప్పాలంటే, సంచిలో రెంచీలతో పాటు ఒక మల్లెపూల పొట్లం కూడా ఉంది. ఆవిడ అనుమానాన్ని తప్పుపట్టలేను.)

బస్సు దిగేసరికి మావగారు రోడ్డు మీదే ఉన్నారు. ఇంటికి తీసుకెళ్లకుండా నేరుగా పొలం దారి పట్టించారు. "గడప తొక్కకూడదన్నారు గానీ గట్టు తొక్కకూడదని పెద్దలెక్కడా చెప్పలేదండి," అన్నారు, నవ్వే ప్రయత్నం చేస్తూ. గట్టెక్కి చూశాక నా మొహంలో నవ్వు పోయింది. గట్టు మధ్యలో ఎడ్లబండి పట్టేంత గండి. దాని అడుగున, తలుపు మూసి బిగించిన తూము గొట్టం. గొట్టం పక్కన, సరిగ్గా గండికి అడ్డంగా, ముక్కు మట్టిలో పొడుచుకుని పిల్ల డోజరు. బ్లేడు నేలలో దిగబడి ఉండడంతో వెనక్కి తీద్దామంటే ఇనప పట్టాల ట్రాకులు అక్కడే తిరిగి గొయ్యి చేసుకుంటున్నాయి. మనుషుల్ని పెట్టి పూడుద్దామంటే మధ్యలో డోజరు అడ్డం. డోజరు తీద్దామంటే బ్లేడు లేవాలి. గట్టుకి ఇవతల, ఆకుపచ్చగా, చంటిపిల్లల జుట్టులా మెత్తగా ఊగుతూ నారుమళ్లు. మావగారివి మాత్రమే కాదు. ఆ పల్లం నేల నీటి వసతి బాగుందని సగం ఊరు అక్కడే నారు పోసుకుంది.

"సాయంత్రానికి పోటు మొదలవుతుందండి," అన్నారు మావగారు. "మామూలు పోటైతే గండి అడుగు అందదండి. పౌర్ణమి పోటు అందుతుందండి. ఉప్పునీళ్లు ఒక్క పూట నిలబడితే నారు మిగలదండి. మళ్లీ పోసుకునే అదును కూడా ఉండదండి." తర్వాత నా మొహం చూసి, "మీరేం కంగారుపడకండి. ముందు కాఫీ తాగండి," అన్నారు. అప్పటికే ఫ్లాస్కు, దానితో పాటు గారెలు, వాటికి తోడు బొబ్బట్లు గట్టుమీదికి వచ్చేసి ఉన్నాయి. మునిగిపోయే ఊరి ఒడ్డున కూర్చుని నేను బొబ్బట్లు తిన్నాను. వద్దనడానికి వీల్లేదు మరి.

డోజరు నడిపే ఆయన్ని ఊళ్లో "సైలెన్సర్" అనేవారు, నోరు విప్పడు కాబట్టి. ఆయన వేలితో చూపించాడు. బ్లేడు ఎత్తే సిలిండరు దగ్గర, హోసు పైపు కలిసే చోట ఉండే వంకర ఫిట్టింగు నిలువునా చిట్లిపోయింది. దాంట్లోంచి నూనె కారి మట్టంతా నల్లగా అయింది. ఫిట్టింగు విప్పి చూశాను. మరలు సన్నంగా, దగ్గరదగ్గరగా ఉన్నాయి. మా షాపులో ఇలాంటి మర ఒకటో రెండో చూశాను గానీ, నా సంచిలో ఉన్నవన్నీ మన ట్రాక్టర్లకి సరిపోయే ముతక మరలు. ఒకటి పెట్టి తిప్పాను. రెండు చుట్లు హాయిగా ఎక్కి, మూడో చుట్టుకి బిగుసుకుపోయింది. కొత్త అల్లుడిగా నా పరిస్థితి కూడా అప్పుడు సరిగ్గా అలాగే ఉంది.

అక్కడ మొదటిసారి నా బుర్ర పనిచేసింది. పెద్దమావగారి ట్రాక్టరుకి తొట్టి ఎత్తే హోసు పైపు ఉంది. అది విప్పి తెచ్చి దీనికి పెట్టొచ్చు. ఇటు సిలిండరు మర సన్నం, అటు పైపు మర ముతక. మధ్యలో ఒకవైపు సన్న మర, రెండోవైపు ముతక మర ఉన్న ఒక జోడింపు ముక్కని లేత్ మీద కోయిస్తే చాలు. ఈ మాట చెప్పగానే మావగారి కళ్లు మెరిశాయి. "చూశావా అన్నయ్యా, ఇంజనీరుగారంటే అదీ," అన్నారు. నేను కిందికి చూశాను. పైపు విప్పి తెచ్చే పని సైలెన్సర్‌కి అప్పగించి, పెద్దమావగారు నన్ను మోపెడ్ మీద ఎక్కించుకుని యానాం తీసుకెళ్లారు. అక్కడ ఒక లేత్ షాపులో ఇనప కమ్మీ బిగించి, పాత ఫిట్టింగు పక్కన పెట్టుకుని, మేస్త్రి మర కోస్తుంటే నేను వాకిట్లో నిలబడి ఆకాశం వంక చూస్తూ ఉన్నాను. మధ్యలో కరెంటు పోయింది. ఆ లేత్ చక్రం మెల్లగా, మెల్లగా ఆగిపోతుంటే నా గుండె కూడా దాంతో పాటే ఆగినట్టయింది. పెద్దమావగారు పక్కనే నిలబడి, "వచ్చేస్తుందండి, ఎంతసేపండి," అని నాకు ధైర్యం చెబుతూ చేతిలో తువ్వాలుని మెలిపెట్టి తిరిగి విప్పుతున్నారు. కరెంటు వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది.

మేము ముక్క పట్టుకుని గట్టుమీదికి వచ్చేసరికి ఏటి నీళ్లు ఎదురెక్కడం మొదలైంది. తూము గొట్టం అడుగు తడుస్తోంది. ఊళ్లోవాళ్లు కొందరు గట్టుమీద చేరి, గొంతుక్కూర్చుని చూస్తున్నారు. ఎవరూ ఏమీ అనడంలేదు. తిడితే బాగుండుననిపించింది.

ఇక్కడ నేను చేయవలసిన పని చాలా చిన్నది. నూనె ఒత్తిడిని ఆపేది మర కాదు. ముక్క చివరి భుజానికీ సిలిండరు మొహానికీ మధ్య నలిగే మెత్తటి రాగి వాషరు. రాగిని ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచితే మెత్తబడుతుంది. దాన్ని వేసి గట్టిగా బిగిస్తే చుక్క కారదు. మర మీద ఏమీ చుట్టకూడదు. ఇది మా షాపులో మొదటిరోజు చెప్పే పాఠం. నేను వాషరు తీసి, ముక్కకి తొడిగి, వంగాను.

"ఉత్త వాషరేనా అండి?" అన్నారు పెద్దమావగారు.

"అవునండి."

"ఆయ్. సరేనండి. కాకపోతే మేము పంపులకి జనపనార చుట్టి సఫేదా పూస్తామండి. చుక్క కారదండి. ఆపైన మీ ఇష్టమండి." అప్పటికే ఆయన చేతిలో నార పాయ, సఫేదా అనే తెల్ల ముద్ద ఉన్న డబ్బా సిద్ధంగా ఉన్నాయి. ఆయన నాకు మావగారి అన్నగారు. నా పెళ్లిలో కాళ్లు కడిగే పళ్లెం ఆయనే పట్టుకున్నారు. నా నోట్లోంచి "అలాగేనండి" అన్న మాట నాకు తెలియకుండానే వచ్చేసింది. ఆయన నార చుట్టారు. ప్రేమగా, బతుకంతా పంపులకి చుట్టిన చేత్తో చుట్టారు.

అన్నగారి మాట చెల్లినప్పుడు తమ్ముడు ఊరుకోవడం మర్యాద కాదు. మావగారు చొక్కా జేబులోంచి తెల్లటి టేపు చుట్ట తీశారు. "బాత్రూం కుళాయికని కొన్నానండి. దీన్ని పైనుంచి రెండు చుట్లు వేస్తే ఇక ఢోకా ఉండదంటారు కదండి?" అన్నారు. అడిగారు, చెప్పలేదు. అడిగితే ఇంకా కష్టం. "వేద్దామండి," అన్నాను. గట్టుమీద కూర్చున్న ఒక ముసలాయన, మా అత్తగారికి వరసకి బాబాయి, ఇంజను గొట్టాలకి తాను వాడే లక్కజిగురు సీసా పంపించాడు. కాదంటే ఏమనుకుంటాడో అని అదీ పూశాను. చూస్తూ చూస్తూ ఉండగా ఆ ముక్క వేలెడు ఇనుము నుంచి పాలకోవా ముద్ద లాగా తయారైంది. సైలెన్సర్ దాన్ని ఒకసారి చూశాడు, నన్ను ఒకసారి చూశాడు, ఏరు వైపు తిరిగి నిలబడ్డాడు.

బిగించాను. ముద్ద మరల్లో చొరబడడానికి ఒప్పుకోవడంలేదు. ఇంకా బిగించాను. బాగా బిగిసిందనిపించింది. (బిగిసింది నారా జిగురూ. వాషరు దగ్గరికి ముక్క భుజం ఇంకా చేరనే లేదు. ఆ ముద్ద కింద అది కనబడదు.) "ఇంజను స్టార్ట్ చేయండి," అన్నాను.

ఇంజను పొగ కక్కుతూ లేచింది. సైలెన్సర్ మీట లాగాడు. బ్లేడు ఒక జానెడు లేచింది. గట్టుమీద ఊరంతా ఒక్కసారి ఊపిరి పీల్చుకుంది. తర్వాత టప్పుమని ఒక చప్పుడు. ముద్ద మధ్యలోంచి నూనె సన్నటి ధారగా చిమ్మి, వంగి చూస్తున్న మా మావగారి మొహం మీదా, చొక్కా మీదా, తెల్లటి పంచె మీదా చాంతాడంత గీత గీసింది. బ్లేడు మళ్లీ మట్టిలో కూలబడింది.

మావగారు కళ్లజోడు తీసి, దాని మీద నూనె తుడవబోయి, పంచె కూడా నూనేనని గమనించి, మళ్లీ పెట్టుకున్నారు. "బాగానే వచ్చిందండి, అల్లుడుగారూ," అన్నారు. "చాలా వరకూ ఆగిందండి."

"ఆయ్," అన్నారు పెద్దమావగారు. "ఇందాకటి కంటే చాలా మెరుగండి. ఇందాక కారేదండి. ఇప్పుడు చిమ్ముతోందండి."

తూము గొట్టం సగం వరకూ నీళ్లు వచ్చేశాయి. డోజరు ట్రాకు అంచుకి ఒక చిన్న అల వచ్చి తగిలి వెళ్లింది. నేను పక్కకి చూస్తే, గట్టు కింద, కారియర్ పట్టుకుని మా ఆవిడ నిలబడి ఉంది. మా అత్తగారు ఆషాఢంలో అల్లుడి ఎదురుపడకూడదు కాబట్టి భోజనం కూతురి చేత పంపారు. పెళ్లయ్యాక తన పుట్టింటివాళ్ల ముందు నాతో గట్టిగా మాట్లాడింది లేదు. కారియర్ కింద పెట్టి, గట్టెక్కి, ఆ ముద్ద వైపు కాసేపు చూసింది.

"ఏవండీ, రాజమండ్రిలో కూడా ఇలాగే పెడతారా?"

"లేదు."

"మరి ఇక్కడెందుకు ఇలా పెట్టారు?"

నేను పెద్దమావగారి వైపు చూశాను. ఆయన సఫేదా డబ్బా మూత పెట్టడంలో మునిగిపోయారు. మావగారి వైపు చూశాను. ఆయన నూనె కళ్లజోడులోంచి నన్నే చూస్తున్నారు. అందరికీ అర్థమైంది. నాకు ఎప్పటి నుంచో తెలుసు. ఆ గట్టుమీద ఉన్న ప్రతి ఒక్కరికీ ఏదో తప్పు జరుగుతోందని తెలుసు, నాతో సహా. అల్లుణ్ని కాబట్టి నాకెవరూ చెప్పలేదు. అత్తవారు కాబట్టి నేనెవరికీ చెప్పలేదు.

"పెద్దమావగారూ," అన్నాను. "ఇది ఇలా కాదండి. నార వద్దండి. టేపూ వద్దండి. జిగురూ వద్దండి. ఉత్త వాషరేనండి."

గట్టుమీద ఎవరో దగ్గారు. అత్తవారి పెద్దలకి కొత్త అల్లుడు మూడు "వద్దండి"లు ఒకే వరసలో చెప్పడం ఆ ఊరు అంతకుముందు విని ఉండదు. పెద్దమావగారి మొహం వాడిపోయింది. నాకు తల కొట్టేసినట్టయింది. అప్పుడు మా మావగారు నోరు తెరిచారు. పొద్దున్నుంచీ దాచుకున్న భయమంతా ఆ ఒక్క మాటలో బయటికి వచ్చింది.

"ఒరేయ్, తెలిసినవాడివి ముందే చెప్పొచ్చు కదరా. రేపు ఊళ్లో ఎవరి మొహం చూడాలిరా నేను?"

మా ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మావగారికి తానేమన్నారో అప్పటికి తెలిసినట్టు లేదు. నాకు మాత్రం, ఎందుకో, నెత్తి మీంచి బరువు దిగిపోయినట్టయింది. పరీక్ష హాల్లో మాస్టారు వచ్చి "తప్పురా, కొట్టేసి మళ్లీ రాయి" అని తలమీద ఒకటి వేస్తే ఉండే హాయి అది.

చొక్కా విప్పి గట్టుమీదికి విసిరేశాను. ముక్క విప్పి నార, టేపు, జిగురు చాకుతో గోకేశాను. టేపు పీలికలు పైపులోకి కూడా పోయాయి. పైపు విప్పి, ఇంజను ఒక్క క్షణం తిప్పి, కాస్త నూనె బకెట్లోకి పోనిచ్చి చూస్తే తెల్లటి తుంపులు బయటికొచ్చాయి. ఇంకా సిలిండరు మొహం శుభ్రం కావాలి. జిడ్డుంటే వాషరు కుదురుకోదు. పెట్రోలుతో కడుగుదామంటే మోపెడ్ పెట్రోలులోనే నూనె కలిపి ఉంటుంది. "స్పిరిట్ లాంటిదేమైనా ఉందా?" అనడిగాను. సైలెన్సర్ మెల్లగా తల తిప్పి డోజరు సీటు కింద ఉన్న పనిముట్ల పెట్టె వైపు చూశాడు. పెద్దమావగారు ఆయన వైపు అంతకంటే మెల్లగా చూశారు. చివరికి ఆయనే వెళ్లి పెట్టె తెరిచి, తువ్వాలులో చుట్టిన యానాం బ్రాందీ సీసా తెచ్చి నా చేతిలో పెట్టారు. "ఇది డోజరు కోసమేనండి," అన్నారు, మా ఆవిడ వైపు చూడకుండా. సగం సీసా ఆ సిలిండరు మొహం మీద పోసి తుడుస్తుంటే ఆయన పక్కకి తిరిగారు. ఆయన కళ్లు చెమర్చినట్టనిపించింది గానీ, ఊరి గురించో సీసా గురించో చెప్పలేను.

మా ఆవిడ, కారియర్‌తో పాటు తెచ్చిన కుంపటిలోని (చారు చల్లారకుండా పంపించినది) బొగ్గులు ఊది ఎర్రగా చేసింది. కొత్త రాగి వాషరు అందులో కాల్చి, నీళ్ల గ్లాసులో ముంచితే చుయ్యిమంది. అప్పటికి నేను నిలబడిన ట్రాకుల గోతిలో మోకాళ్ల దగ్గరికి నీళ్లొచ్చాయి. ఉప్పగా, గోరువెచ్చగా ఉన్నాయి. వాషరు జారి నీళ్లలో పడితే ఇక అంతే సంగతులని తెలిసి, రెండు చేతుల్తో పట్టుకుని, ఊపిరి కూడా పీల్చకుండా తొడిగాను. ముక్క తిప్పాను. ఈసారి మర హాయిగా, చివరిదాకా, సిలిండరు మొహానికి తగిలేవరకూ వెళ్లింది. రెంచీ వేసి మావగారు ఒక చివర, నేను ఒక చివర పట్టుకుని బిగించాం. ఆయన నూనె చేతులు నా చేతుల మీద జారుతున్నాయి. "ఇంకొంచెంరా," అన్నారాయన. "ఇంకొంచెం."

ఇంజను లేచింది. మీట లాగాడు. నేను ఆ ఫిట్టింగు మీద నుంచి చూపు తిప్పలేదు. బ్లేడు మట్టిలోంచి పీకినట్టు లేచింది, బురద కారుతూ, పైపైకి, పూర్తిగా. ఫిట్టింగు పొడిగా ఉంది. చుక్క లేదు. సైలెన్సర్ డోజరుని వెనక్కి లాగి, తిప్పి, పోగు పెట్టిన మట్టి వెనక చేరి గండిలోకి తోశాడు. గండి అడుగు మీదుగా పొలం వైపుకి పాకబోతున్న ఉప్పునీళ్లు ఆ మట్టి కింద ఆగిపోయాయి. తోశాడు, వెనక్కి వచ్చాడు, మళ్లీ తోశాడు. ఊళ్లోవాళ్లు ఎవరో చెప్పినట్టు ఒక్కసారిగా లేచి పారలందుకుని అంచులు సర్దడం మొదలుపెట్టారు. తూర్పున చంద్రుడు లేచేసరికి గట్టు గట్టుగా ఉంది. అవతల ఏరు నిండుగా పొంగుతోంది. ఇవతల నారు ఊగుతోంది.

సైలెన్సర్ దిగి వచ్చి నా పక్కన నిలబడి చేతులు తుడుచుకున్నాడు. "ఇందాక ఉత్త వాషరు చూసినప్పుడే బాగుందనుకున్నానండి," అన్నాడు. ఆ రోజుకి ఆయన మాట్లాడింది అదే.

గట్టుమీదే భోజనం చేస్తుంటే మావగారు స్నానం చేసి, ఉతికిన పంచె కట్టుకుని వచ్చి నా ముందు చేతులు జోడించినంత పని చేశారు. "నోరు జారిందండి అల్లుడుగారూ. పెద్దవాణ్ని, ఏమీ అనుకోకండి. మనసులో పెట్టుకోకండి." నేను ఏమీ అనుకోలేదని ఎంత చెప్పినా వినలేదు. గరిటె మీద గరిటె పప్పు వేస్తూనే ఉన్నారు. నాకు చెప్పాలని ఉంది, ఆ ఒరేయ్ వెనక్కి తీసుకోకండి మావగారూ అని. చెప్పలేకపోయాను. "అలాగేనండి," అన్నాను. మల్లెపూల పొట్లం సంచిలో నూనె పీల్చుకుని ఉంది. అయినా మా ఆవిడ అందులోంచే కాస్త తుంచి పెట్టుకుంది.

ఆయన ఉన్నంతకాలం నన్ను మళ్లీ ఒరేయ్ అనలేదు. అల్లుడుగారూ అనే పిలిచారు, చాలా ప్రేమగానే పిలిచారు. ఆ మాట మళ్లీ వినడానికి ఏ గట్టు తెగాలో అని నేను చాలా ఏళ్లు ఎదురుచూశాను.

ఈ మధ్య మా అల్లుడు వచ్చాడు. వాషింగ్ మెషిన్ పైపు తానే బిగిస్తానని బాత్రూంలో కూర్చున్నాడు. కిటికీ గూట్లో రబ్బరు వాషరు పెట్టి మరిచిపోయి, కుళాయి మర మీద తెల్లటి టేపు చుట్టు మీద చుట్టు వేస్తున్నాడు. నేను ముక్కాలి పీట మీద కూర్చుని చూస్తున్నాను. "ఇంకో రెండు చుట్లు వేయమంటారా మావయ్యగారూ?" అనడిగాడు. "వేయండి, మంచిదే కదండి," అన్నాను. కుళాయి తిప్పాడు. ధార వచ్చి సూటిగా నా కళ్లజోడుకి తగిలింది.

"బాగానే వచ్చిందండి," అన్నాను నేను.

వంటింట్లోంచి మా ఆవిడ నవ్వు వినిపించింది. చేతులు తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడి, "ఏవండీ, మీకు కూడా పౌర్ణమి రావాలా ఏంటి?" అంది. అల్లుడికి ఏమీ అర్థం కాలేదు. నేను కళ్లజోడు తీసి తుడుచుకున్నాను. గూట్లోని వాషరు తీసి అతని అరచేతిలో పెట్టాను.

"ఒరేయ్ అబ్బాయ్," అన్నాను. "ఆ టేపంతా పీకేసి, ఇది ఒక్కటీ వేసి చూడు."

అతను వాషరు వైపు చూశాడు, నా తడిసిన మొహం వైపు చూశాడు, మెల్లగా నవ్వాడు. "తెలిస్తే ముందే చెప్పొచ్చు కదా మావయ్యా," అన్నాడు.